మూతకు బిగించిన బోల్టు

పోయిన వారం బాయిలరాయన్ని ఉల్లిపాయ ముందు కూర్చోబెట్టి వదిలేశాం. పాపం, ఈ ఏడు రోజులూ ఆయన అక్కడే ఉన్నాడు. ఉల్లిపాయ సగం తరిగి ఉంది, కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, గోడ గడియారంలో పదకొండున్నర అయింది. ఆ నీళ్ళలో ఉల్లిపాయ వాటా ఎంతో, ఆయన సొంత వాటా ఎంతో ఈ వారం తేల్చుకుందాం.

దారిలో ఎక్కిన వాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెబుతాను. ఈయన బట్టల మిల్లులో ముప్పై నాలుగేళ్ళు బాయిలరు నడిపి రిటైరైన మనిషి. అన్నేళ్ళలో ఒక్క ప్రమాదం జరగలేదని చెప్పుకుని తిరిగేవాడు కాబట్టి వీధంతా బాయిలరాయన అనే పిలుస్తుంది. నలభై రోజుల కిందట ఆయన ఇంట్లోనే ప్రెషర్ కుక్కర్ పేలింది. మూత లేచి పైకప్పుకు కొట్టుకుంది, ఉడుకుతున్న పప్పు ఆయన భార్య కుడిచేతి మీద పడింది. ఆవిడ పప్పు ఎక్కువ పోసి, స్టవ్వు మీద పెట్టి మరిచిపోయి ఉంటుందని అందరూ అనుకున్నారు. ఆవిడ కూడా కాదనలేదు.

సంగతి అది కాదని బాయిలరాయనకు తెలుసు. అంతకు ముందు రెండు నెలల్లో ఆ కుక్కర్ సేఫ్టీ వాల్వు రెండుసార్లు ఎగిరిపోయింది. రెండోసారి ఎగిరాక, "ఈ కాలపు సరుకే ఇంత" అని విసుక్కుని, ఆవిడ బజారుకు వెళ్ళిన ఒక మధ్యాహ్నం, ఇంట్లో పెద్దవాళ్ళెవరూ లేనప్పుడు, తన పనిముట్ల పెట్టెలోంచి ఒక ఇనప బోల్టు తీసి వాల్వు ఉండాల్సిన కన్నంలో దూర్చి, అటూ ఇటూ రెండు వాషర్లు వేసి బిగించేశాడు. సొంత పనితనానికి మురిసిపోయి చెయ్యి తుడుచుకున్నాడు కూడా. పేలిన సాయంత్రం ఆ మూతను పాత ఖాకీ చొక్కాలో చుట్టి అటక మీద దాచేసి, "పాత సామాన్ల వాడికి వేసేశాను" అన్నాడు. అక్కడితో ఊరుకున్నా కొంత బాగుండేది. కొడుకు వచ్చి "ఎలా జరిగింది నాన్నా?" అని అడిగినప్పుడు, "ఏం చెప్పమంటావురా, మీ అమ్మకు ఈ మధ్య మతిమరుపు ఎక్కువైంది" అన్నాడు.

ఆ ఒక్క మాటతో ఇల్లంతా మారిపోయింది. ఆవిడ స్టవ్వు దగ్గరికి వెళ్ళకూడదని కొడుకు చెప్పేశాడు. వాళ్ళది రెండు వీధుల అవతల ఇల్లు. అంతవరకూ బడి వదలగానే నానమ్మ దగ్గరికి వచ్చే అయిదేళ్ళ మనవరాలు పిడుగును పిల్లల్ని చూసుకునే కేంద్రంలో చేర్చారు. ఇవాళే, ఈ శనివారం రెండు గంటలకు మతిమరుపు చూసే డాక్టరు దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకున్నారు. కొడుకు ఒంటిగంటకు వస్తాడు. ఇక్కడే భోంచేసి వాళ్ళమ్మను తీసుకెళ్తాడు. అంటే నిజం చెప్పడానికి బాయిలరాయనకు మిగిలింది గంటన్నర. నలభై రోజుల్లో చెప్పలేనిది గంటన్నరలో చెప్పాలి, అదీ ఉల్లిపాయలు తరుగుతూ.

"ఏమండీ, దాన్ని తరిగితే చాలు, చంపక్కర్లేదు" అంది ఆవిడ.

ఆవిడ వంటింటి గడప అవతల కుర్చీ వేసుకుని కూర్చుంది. కొడుకు గీసిన హద్దు అది. కట్టు విప్పి పది రోజులైంది, మోచేతి దాకా కొత్త చర్మం పలచగా మెరుస్తోంది. అక్కడి నుంచే ఆవిడ నోటితో వంట చేస్తుంది, బాయిలరాయన చేత్తో చేస్తాడు. ఈ ఏర్పాటులో మొదటి వారం అన్నం మాడింది, రెండో వారం మెతకబడింది, మూడో వారానికి తినగలిగేలా కుదిరింది.

"పెద్ద ముక్కలైతే ఏమవుతుందే, నోట్లోకేగా పోయేది?"

"ముక్కలు సమంగా ఉంటే సమంగా వేగుతాయి. లేకపోతే సగం మాడతాయి, సగం పచ్చిగా ఉంటాయి. ఈ మాట మీకు నలభై రోజుల్లో నలభైసార్లు చెప్పాను. మరి మతిమరుపు ఎవరికో?"

నవ్వుతూనే అంది. ఆయన మాత్రం మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఆ మాట ఎప్పుడు వినబడినా అంతే. పక్కింటి టీచరమ్మ పరామర్శకు వచ్చి "వయసు కదండీ" అన్నా అంతే, కోడలు కళ్ళద్దాల షాపులో పని ముగించుకుని వస్తూ జ్ఞాపకశక్తికి మంచివని బాదంపప్పులు తెచ్చినా అంతే. ఆ బాదంపప్పులు ఆవిడ బుద్ధిగా నానబెట్టుకుని రోజూ నాలుగు తింటోంది.

ఆయన లేచి పొయ్యి మీద గిన్నెలోకి చూశాడు. ఆ ఇంట్లో ఇప్పుడు కుక్కర్ లేదు, పప్పు మామూలు గిన్నెలో గంటసేపు ఉడుకుతుంది. పైన తెల్లగా నురగ కట్టింది.

"నురగ తీసెయ్యండి" అంది ఆవిడ కుర్చీలోంచే.

గరిటెతో తీసేశాడు. పప్పు ఇంత నురగ కక్కుతుందని నలభై రెండేళ్ళుగా ఆ పప్పే తింటున్న మనిషికి ఈ నలభై రోజుల్లోనే తెలిసింది. బాయిలర్లో నీళ్ళుంటాయి గానీ పప్పుండదు. ఆ నురగే పైకెక్కి విజిల్ గొట్టంలో గడ్డకట్టి ఆవిరి దారి మూసేసింది. వాల్వు రెండుసార్లు ఎగిరింది అందుకే. వాల్వు ఎగిరిందంటే వాల్వు చెడిపోయినట్టు కాదురా, లోపల ఇంకేదో మూసుకుపోయినట్టు అని మిల్లులో చేతికింద వాళ్ళందరికీ చెప్పింది ఈయనే.

చెప్పడమే కాదు. ఒకసారి తోటి అటెండెంటు ఒకడు, సేఫ్టీ వాల్వు ఊరికే బుసకొడుతోందని దాని మీటకు ఇనప తీగ చుట్టి కట్టేశాడు. బాయిలరాయన అది చూసి మేనేజరు దాకా వెళ్ళి పంచాయితీ పెట్టాడు. "సేఫ్టీ వాల్వు నోరు నొక్కినవాడు మనుషుల్ని చంపడానికి సిద్ధపడ్డవాడే" అన్నాడు. ఆ సాయంత్రానికే ఆ మనిషి ఉద్యోగం పోయింది. టిఫిను డబ్బా పట్టుకుని గేటు దాటుతూ అతను వెనక్కి తిరిగి చూసిన చూపు ఇన్నేళ్ళలో ఎప్పుడూ గుర్తు రాలేదు. ఈ నలభై రోజులుగా అన్నం వార్చేటప్పుడల్లా గుర్తొస్తోంది.

"ఒసేయ్" అన్నాడు.

"ఊఁ?"

"ఏం లేదు. బంగాళాదుంపలు ఎన్ని?"

"నాలుగు. పిడుగు కూడా వస్తోందిగా, అయిదు పెట్టండి. దానికి వేపుడంటే ప్రాణం." దుంపల బుట్ట ఒళ్ళోకి లాక్కుంది. "వస్తే తింటుందో లేదో. ఈ మధ్య నా దగ్గరికే రావట్లేదు. వంటింటి గడప కూడా తొక్కట్లేదు. ముందుగదిలో గోళ్ళు కొరుక్కుంటూ కూర్చుంటుంది."

"ఆ పేలిన చప్పుడుకు జడుసుకుంది. ముందుగదిలో పడుకుని ఉన్నా చప్పుడు చప్పుడేగా."

ఆవిడ అయిదో దుంప బుట్టలోంచి తీసి, గడప మీదుగా ఆయన చేతికి అందించింది.

ఆయన తరిగిన ఉల్లిపాయ పక్కన పెట్టి, దుంపల తొక్క తీయడం మొదలుపెట్టాడు. తర్వాత ఆవిడ కుర్చీ కాస్త ముందుకు జరుపుకుంది.

"టీచరమ్మ చెప్పింది, డాక్టరు ఏం అడుగుతాడో. వాళ్ళత్తగారిని కూడా అక్కడికే తీసుకెళ్ళారట. ఇవాళ ఏ వారం, ఇప్పుడు ఏ నెల అని అడుగుతాడట. నూరులోంచి ఏడేడు తీసేసుకుంటూ పొమ్మంటాడట. మీరు అడగండి, నేను చెబుతాను. కాస్త అలవాటవుతుంది."

"ఇప్పుడవన్నీ ఎందుకే?"

"అడగమంటే అడగండి, మహానుభావా. పరీక్షకు చదువుకోకుండా పోతారా ఎవరైనా?"

ఆయన దుంప కేసి చూస్తూ అడిగాడు. "నూరులోంచి ఏడు తీసేస్తే?"

"తొంభై మూడు."

"దాన్లోంచి?"

"ఎనభై ఆరు."

"దాన్లోంచి?"

ఆవిడ కిటికీ కేసి చూసింది. పెదాలు కదిలాయి. "ఎనభై" అంది.

కత్తి ఆగిపోయింది. కొడుక్కి పంతొమ్మిదో ఎక్కం దాకా, అన్నం కలుపుతూ, గరిటె తిప్పుతూ నేర్పిన మనిషి ఆవిడ. ఉతకడానికి వేసిన బట్టల దగ్గర్నుంచి డబ్బాలో మిగిలిన గ్లాసుల బియ్యం దాకా లెక్కలన్నీ కాగితం లేకుండా చెప్పేది.

"సరిగ్గా ఆలోచించి చెప్పు" అన్నాడు.

"ఎనభైయేగా? తర్వాత డెబ్బై నాలుగు. కాదా?"

"ఇవాళ ఏ వారం?"

"శుక్రవారం." ఆవిడ ఆయన మొహం కేసి చూసింది. "శుక్రవారమే కదండీ?"

బాయిలరాయన స్టూలు మీదే ఆవిడ వైపు తిరిగాడు. అబద్ధం చెప్పి చెప్పి చివరికి దాన్ని నిజం చేసేశానా అనుకున్నాడు. ఒక మనిషిని నలభై రోజులపాటు నీకు మతి లేదు, మతి లేదు అంటూ పొయ్యి దగ్గరికి రానివ్వకుండా కూర్చోబెడితే ఉన్న మతి మాత్రం ఎక్కడ నిలుస్తుంది? తన వల్ల చెయ్యి కాలిందనే అనుకుంటూ వచ్చాడు ఇన్నాళ్ళూ. బుర్ర కూడా తన వల్లే పోయిందా?

"నీకేం కాలేదే" అన్నాడు. "నువ్వేం మరిచిపోలేదు. ఆ రోజు పప్పు ఎక్కువా పొయ్యలేదు, పొయ్యి మీద పెట్టి మరిచిపోనూ లేదు. కుక్కర్ పేలింది నా వల్ల. సేఫ్టీ వాల్వు తీసేసి బోల్టు బిగించాను. నేనే బిగించాను. మూత పాత సామాన్ల వాడికి ఇవ్వలేదు, అటక మీద ఉంది. అంతా తెలిసీ వాడితో నీకు మతిమరుపని చెప్పాను. నోరెలా వచ్చిందో నాకే తెలీదు. నన్ను చెప్పుచ్చుకు కొట్టు. కొట్టినా నోరెత్తను."

మాటలన్నీ ఒక్క ఊపిరిలో వచ్చేశాయి. చెప్పడానికి నలభై రోజులు కూడదీసుకున్న ధైర్యం తీరా చెబితే నిమిషం కూడా పట్టలేదు. తల దించుకుని, తొక్క తీసిన దుంపను చేతిలో పట్టుకుని, బడిలో దొరికిపోయిన పిల్లాడిలా కూర్చున్నాడు.

"పొంగుతోంది" అంది ఆవిడ. "ముందు మంట తగ్గించండి."

ఆయన గబగబా లేచి మంట తగ్గించాడు. నురగ గిన్నె అంచు దాకా వచ్చి వెనక్కి తగ్గింది.

"డెబ్బై తొమ్మిది" అంది ఆవిడ వెనక నుంచి. "డెబ్బై తొమ్మిది, డెబ్బై రెండు, అరవై అయిదు, యాభై ఎనిమిది. ఇవాళ శనివారం. ఇంకా చెప్పమంటారా?"

బాయిలరాయన వెనక్కి తిరిగాడు.

"మరి ఇందాక..."

"తప్పు ఎలా చెబితే నమ్ముతారో చూసుకుంటున్నాను. మరీ మొదట్లోనే తప్పితే నాటకంలా ఉంటుంది. మీరు నమ్మారంటే డాక్టరూ నమ్ముతాడు."

ఆవిడ కుర్చీలోంచి లేచింది. నలభై రోజుల్లో మొదటిసారి గడప దాటి లోపలికి వచ్చి, గరిటె ఆయన చేతిలోంచి తీసుకుని, గిన్నె అడుగు దాకా ఒకసారి తిప్పింది.

"బోల్టు సంగతి నాకు తెలియదనుకున్నారా? రోజూ ఆ మూత తోమేది ఎవరనుకున్నారు? మీరు బిగించిన రాత్రే చేతికి తగిలింది. పీచు దానికి తట్టుకుని చిరిగింది కూడా."

"తెలిసీ... తెలిసీ పొయ్యి మీద పెట్టావా?"

"పెట్టక? ముప్పై నాలుగేళ్ళు ఆవిరితో కాపురం చేసిన మనిషి బిగించాడు. ఆయనకు తెలియనిదా అనుకున్నాను. ఇంట్లో కుక్కర్ గురించి కూడా మిమ్మల్ని అనుమానించాలంటే ఇంక నేను ఎవరిని నమ్మాలి?"

కొడితే బాగుండునని నిజంగానే అనిపించింది ఆయనకు. తిట్టినా బాగుండేది. నమ్మానని అంత మామూలుగా అంటే ఏ మొహం పెట్టుకుని నిలబడాలో తెలియలేదు. పైకి చూశాడు. పైకప్పు మీద పప్పు మరక పసుపు పచ్చగా, చెయ్యంత వెడల్పున అలాగే ఉంది. సున్నం వేయిస్తానని కొడుకు రెండుసార్లు అన్నా ఆవిడే వద్దంది. ఆ మరక రోజూ తన కళ్ళబడాలనే వద్దందని ఇప్పుడు అర్థమైంది.

"ఆ రోజు కూడా ఇలాగే చూశారు" అంది ఆవిడ. "వాడు ఎలా జరిగిందని అడిగితే నేను మీ కళ్ళల్లోకి చూశాను, మీరు పైకప్పు కేసి చూసి మతిమరుపు అన్నారు. చెయ్యి మంట పదిహేను రోజుల్లో తగ్గింది. ఆ మాట మంట మాత్రం ఇంకా తగ్గలేదండీ. బోల్టు బిగించినందుకు నాకు కోపం లేదు. పొరపాటు ఎవరైనా చేస్తారు. ఇన్నేళ్ళ కాపురంలో నన్ను అంత తేలిగ్గా పడేస్తారనుకోలేదు."

"మరి ఎందుకు ఊరుకున్నావే? అప్పుడే మొహాన అడగొచ్చుగా. ఇవాళ ఈ పరీక్షలో తప్పులెందుకు చెప్పాలనుకున్నావు?"

ఆవిడ గరిటె గిన్నె అంచుకు కొట్టి, పక్కన పెట్టి, వీధి గుమ్మం కేసి ఒకసారి చూసి గొంతు తగ్గించింది.

"వాడి ఉద్యోగం ఏంటి?"

కొడుకు ఇన్సూరెన్సు కంపెనీలో గుద్దుకున్న బండ్లు చూసి ప్రమాదం ఎలా జరిగిందో రాసే పని చేస్తాడు. ఒక గీత చూసి పది ప్రశ్నలు వేస్తాడు. మూత ఏదని ఆ రోజు మూడుసార్లు అడిగింది కూడా అందుకే.

"అమ్మకేం మతిమరుపు లేదని డాక్టరు చెప్పాడనుకోండి, మరి కుక్కర్ ఎందుకు పేలిందని మొదలుపెడతాడు. అది మొదటి ప్రశ్న. రెండో ప్రశ్న ఏంటో తెలుసా? అప్పుడు పిల్ల ఎక్కడుంది అని."

"ముందుగదిలో పడుకుని ఉందిగా?"

"అలా అని నేను చెప్పాను. మీరప్పుడు ఇంట్లో లేరుగా."

బయట వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు. ఆవిడ వేలుతో స్టూలు చూపించింది. ఆయన ఇందాకటి దాకా కూర్చుని ఉల్లిపాయలు తరిగిన స్టూలే.

"దాని మీద నిలబడి ఉంది, పొయ్యి పక్కనే. విజిల్స్ లెక్కపెట్టడం దాని పనిగా. నేను ఇక్కడ గిన్నెలు సర్దుతున్నాను. 'నానమ్మా, ఇవాళ విజిల్ రావట్లేదేంటి' అంది. వెనక్కి తిరిగి చూస్తే మూత పక్కనుంచి సన్నగా బుస వస్తోంది. దాని రెక్క పట్టుకుని గుమ్మం అవతలికి తోశాను. నా చెయ్యి ఇంకా వెనక్కి తీసుకోనే లేదు, పేలింది."

బాయిలరాయన గోడకు ఆనుకున్నాడు. స్టూలుకూ పొయ్యికీ మధ్య జానెడు దూరం. ఆ స్టూలు మీద నిలబడితే పిడుగు మొహం సరిగ్గా కుక్కర్ మూత ఎత్తుకు వస్తుంది. ఆ లెక్క కట్టడానికి కాగితం అక్కర్లేదు.

"నిజం తెలిస్తే వాడు మిమ్మల్ని క్షమించడు" అంది ఆవిడ. "పిల్లను ఈ గడప తొక్కనివ్వడు. అదే నేను మతిమరుపు ముసలిదాన్నైతే జాలి పడతారు. పొయ్యి ఒక్కటే తీసేసుకుంటారు. పిల్ల శనివారం శనివారం అయినా వస్తుంది. ఏది పోగొట్టుకోవాలో చూసుకుని ఇది పోగొట్టుకున్నాను. మీకోసమని అనుకోకండి. కొంత మీకోసమే అనుకోండి."

ఆయన ఏడ్చాడు. ఈసారి ఉల్లిపాయ మీదకు నెట్టడానికి కూడా లేదు, దాన్ని తరగడం ఎప్పుడో అయిపోయింది. ఆవిడ చీర కొంగు అందించలేదు, వద్దనీ అనలేదు. దుంపలు కడిగి, ముక్కలు కోసి, మూకుట్లో వేసింది. అన్నీ సమంగా ఉన్నాయి.

కళ్ళు తుడుచుకున్నాక ఆయన స్టూలు లాక్కుని ఎక్కి, అటక మీద చెయ్యి పెట్టాడు.

"ఏం చేస్తున్నారు?"

"నువ్వు ఆ డాక్టరు ముందు కూర్చుని ఎనభై అని చెబుతుంటే నేను బయట బెంచీ మీద కూర్చోలేనే. నావల్ల కాదు. లేని రోగానికి నీతో మందులు మింగించలేను. బోల్టు సంగతి చెప్పేస్తాను. వాడు ఏమన్నా పడతాను."

ఆవిడ మూకుట్లో దుంపలు రెండుసార్లు తిప్పింది.

"బోల్టు వరకూ చెప్పండి" అంది చివరికి. "పిల్ల సంగతి మాత్రం మీ నోట రాకూడదు. ముందుగదిలో పడుకుని ఉంది, అంతే. నాకు మాటివ్వండి."

ఆయన ఖాకీ మూటను గుండెకు అదుముకుని స్టూలు మీదే నిలబడి మాటిచ్చాడు. తప్పు ఒప్పుకోవడానికి కూడా ఒక అబద్ధం తోడు కావలసి వచ్చింది. కానీ ఆ క్షణానికి అదే న్యాయంగా తోచింది.

ఒంటిగంటకు అయిదు నిమిషాలు ఉండగా కొడుకు వచ్చాడు. అప్పటికి బల్ల మీద నాలుగు కంచాలు పెట్టి ఉన్నాయి. మధ్యలో, అన్నం గిన్నె ఉండాల్సిన చోట, వంకరపోయిన కుక్కర్ మూత ఉంది.

"అమ్మా, రెడీయేనా? నాన్నా, మీరూ తయారవండి, భోజనం అవగానే..." అంటూ వచ్చినవాడు బల్ల దగ్గర ఆగాడు. మూతను చేతిలోకి తీసుకుని వెలుతురుకు పట్టి, అంచు చుట్టూ వేలు పోనిచ్చి, తిరగేశాడు. బొటనవేలు బోల్టు తల మీద ఆగింది. "ఇది పాత సామాన్ల వాడికి వేశానన్నారు కదా?"

"వెయ్యలేదు" అన్నాడు బాయిలరాయన. "కూర్చో. చెబుతాను."

"నానమ్మా!"

పిడుగు వీధి గుమ్మం దగ్గరే ఉంది. బడి సంచి ఇంకా భుజానే ఉంది. కళ్ళు మాత్రం మూత మీద ఉన్నాయి. "మూత అటక మీంచి కిందికి వచ్చేసిందిగా. ఇంక చెప్పెయ్యనా?"

"పిడుగూ, ముందు చేతులు కడుక్కో పో" అంది నానమ్మ. మరీ తొందరగా అంది.

కొడుకు తల్లి కేసి చూశాడు. మూతను చేతిలోనే ఉంచుకుని, వెళ్ళి కూతురి ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "ఏం చెప్పాలి తల్లీ?"

స్టూలు సంగతి బయటపడిపోతుందని ఆవిడ కళ్ళు మూసుకుంది. పిడుగు మాత్రం స్టూలు ఊసే ఎత్తలేదు. గోళ్ళు కొరికి కొరికి పుండైన వేలుతో బోల్టును చూపించింది.

"అది తాత బిగించేటప్పుడు టార్చి నేనే పట్టుకున్నాను. లోపల చీకటిగా ఉంటే కనబడదుగా. నానమ్మకు చెప్పకు, మనిద్దరి రహస్యం అన్నాడు తాత. నేను చెప్పలేదు." తండ్రి చొక్కా పట్టుకుంది. "చెప్పుంటే నానమ్మ చెయ్యి కాలేది కాదు కదా నాన్నా? నావల్లే కదా?"

మూకుట్లో దుంపలు చిటపటమంటున్నాయి. ఎవరూ వెళ్ళి తిప్పలేదు. చూసినవాళ్ళు లేరనుకుని నలభై రోజులు గడిపాడు బాయిలరాయన. తన పక్కనే టార్చి పట్టుకుని నిలబడ్డ మనిషి అసలు గుర్తే రాలేదు. వంటింటి గడప తొక్కకుండా, తాత పక్కకు రాకుండా, ఆ పిల్ల ఇన్నాళ్ళూ మోసింది తన తప్పే.

కొడుకు కూతుర్ని దగ్గరికి తీసుకుని, వీపు నిమిరి, ఎత్తుకుని లేచాడు. ఒక చేత్తో పిల్ల, ఒక చేత్తో మూత. తండ్రి దగ్గరికి వచ్చి ఆగాడు. గొంతు పెంచలేదు. ఆఫీసులో ఎలా అడుగుతాడో అలాగే అడిగాడు.

"నాన్నా, కుక్కర్ పేలినప్పుడు పిల్ల ఎక్కడుంది?"

బల్లకు అవతల ఆవిడ కాలిన చేతిని రెండో చేత్తో గట్టిగా పట్టుకుని, ఇచ్చిన మాట గుర్తుంచుకోమన్నట్టు చూస్తోంది. తండ్రి భుజం మీద నుంచి తల ఎత్తి, తాత ఏం చెబుతాడా అని పిడుగు కూడా చూస్తోంది.